ఎంగిలి అన్న మాట

మంగల్‌పేట, బీదర్
23 జూన్ 2024

చెల్లె ఫెబాకు అక్క రిబ్కా వందనాలు.

క్షేమమేనా అని అడగను. గురువారం నీ గొంతు విన్నవాళ్ళందరికీ నువ్వు దివ్యంగా ఉన్నావని తెలిసిపోయింది.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్ ఎత్తగానే నీ కూతురు వచ్చి నా ఒళ్ళో కూర్చుంటుంది. విన్న ప్రతి ముక్కా పోయి వాకిట్లో అప్పజెప్తుంది. నాలుగేళ్ళ పిల్ల ముందు దాని తల్లితో పోట్లాడటం నాకు చేతకాదు. పోట్లాడకుండా ఉండటం అసలే చేతకాదు. అందుకని ఈ కాగితం.

గురువారం మనింట్లో స్త్రీల ప్రార్థన. కుట్టుమిషన్ మూలకు జరిపి చాపలు పరిచాను. జనం వచ్చేలోగా షెకినాకు అన్నం పెట్టేద్దామని కూర్చుంటే సగంలోనే అందరూ వచ్చేశారు. సరిగ్గా అప్పుడే నీ వీడియో కాల్. ముద్ద కాలుతుందేమోనని పెదవికి తాకించి చూసి పిల్ల నోట్లో పెట్టాను. అంతే, పదిమంది వింటుండగా "అక్కా, దానికి నీ ఎంగిలి పెట్టకు. గందుకే దాని పండ్లు ఖరాబైతున్నయి" అన్నావు. క్రిస్టీ వాళ్ళమ్మ పాటల పుస్తకంలోకి తల దించుకుంది. ఆ పూట ప్రార్థన నా నోటికి రాలేదు.

మన ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. ఎందుకనరో తెలియకపోతే ఇప్పుడు తెలుసుకో. ఊళ్ళో ఉన్నప్పుడు నాయన చాయ్ తాగే గ్లాసు హోటల్ చూరులో విడిగా ఉండేది. తాగి, తనే కడిగి, మళ్ళీ చూరులో పెట్టి రావాలి. ఆ మనిషి బీదర్ వచ్చి, బాప్తిస్మం తీసుకుని, మొదటిసారి చర్చిలో అందరితోపాటు ఒకే పాత్రలోంచి ద్రాక్షారసం తాగిన రోజు ఇంటికొచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాడు. "నా ఎనక నిలవడ్డోళ్ళు నేను తాగిన గిన్నెలనే తాగిండ్రు" అని అమ్మకు చెప్పాడు. నేను విన్నాను. నువ్వింకా పుట్టలేదు.

అమ్మ పోయేనాటికి నీకు పళ్ళు రాలేదు. జొన్నరొట్టె నేను నమిలి నీ నోట్లో పెట్టాను. అది తిన్న నోరే ఇవాళ దంతవైద్యం చదివి నాకు ఎంగిలి పాఠం చెప్తోంది. మరిది నథానియేల్‌కు కలబురగిలో రాత్రి డ్యూటీలు, నీకు దావణగెరెలో పెద్ద చదువు. పిల్లను సాకడానికి మాత్రం ఈ అక్క కావాలి.

కోపం తగ్గని
రిబ్కా


దావణగెరె
5 జూలై 2024

అక్కా,

వందనాలు. నీ ఉత్తరం హాస్టల్ మెట్ల మీద నిలబడే చదివేశాను. ప్రార్థనకు వచ్చినవాళ్ళు ఉన్నారని నాకు కనబడలేదు. ఫోన్లో నాకు కనబడింది షెకినా నోరు ఒక్కటే. పదిమందిలో అనడం తప్పే, ఒప్పుకుంటున్నాను.

కానీ చెప్పిన విషయం తప్పు కాదు. నేను కులం గురించి అనలేదు, నోటి గురించి అన్నాను. లాలాజలం అంటే నీకు తెలియదేమోనని వాడుక మాట వాడాను. నా థీసిస్ అంతా దాని మీదే కాబట్టి కాస్త ఓపికగా విను.

పన్ను పైపూత అంతా ఖనిజాలే, ముఖ్యంగా సున్నం, భాస్వరం. మన ఉమ్మిలో కూడా అవే కరిగి ఉంటాయి. అవి ఎక్కడపడితే అక్కడ గడ్డకట్టకుండా పట్టి ఉంచడానికి ఉమ్మిలో కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. ఆ ప్రోటీన్లే పన్ను మీద కంటికి కనబడని పొరలా అతుక్కుని దాన్ని కాపాడతాయి. చిక్కేమిటంటే, నోట్లో ఉండే బాక్టీరియా పట్టుకుని వేలాడేది కూడా ఆ పొరనే. వాటిలో ఒక రకం తీపి తిని పులుపు వదులుతుంది. ఆ పులుపుకు పన్నులోని ఖనిజాలు కరిగిపోతాయి. పుట్టిన పిల్లల నోట్లో ఆ రకం ఉండదు. పెద్దవాళ్ళ నోటి నుంచి చేరుతుంది. నీ దవడపళ్ళు రెండు పుచ్చి ఉన్నాయి కదా, అందుకే భయపడ్డాను.

నేను అడిగేది ఇంతే. దాని నోటికి మినరల్స్ అందాలి, బయటి బాక్టీరియా అందకూడదు.

రోజంతా ఎవరెవరి పిల్లల నోళ్ళో నా చేతుల్లో ఉంటాయి. నా పిల్ల పళ్ళు పాడవుతుంటే మాత్రం ఫోన్లో చూస్తూ కూర్చోవాలి. ఆ కడుపుమంట నీ మీద కక్కాను. ఇక్కడ మెస్‌లో జొన్నరొట్టె పెడతారు కానీ అది రొట్టె కాదు, అట్టముక్క.

నీ చెల్లె
ఫెబా


మంగల్‌పేట, బీదర్
11 ఆగస్టు 2024

డాక్టరమ్మ ఫెబా గారికి,

లాలాజలం అన్న మాట నాకు తెలుసు. నేనూ పదో తరగతి పాసయ్యాను, నిన్ను ఎత్తుకుని పరీక్షకు పోయి మరీ పాసయ్యాను. ప్రభువు ఉమ్మి కలిపిన మట్టితోనే గుడ్డివాడికి చూపిచ్చాడని నువ్వు సండే స్కూల్లో చేతులు కట్టుకుని అప్పజెప్పేదానివి. వీలైతే ఆయనకు కూడా బాక్టీరియా గురించి ఒక ఉత్తరం రాయి.

నీ ఆజ్ఞలన్నీ అమలు చేశాను. నా కంచం, గ్లాసు, చెంచా కిటికీ గూట్లో విడిగా పెట్టుకున్నాను. నాయన గ్లాసు చూరులో ఉండేది, నాది గూట్లో ఉంది, కొంచెం ప్రమోషన్ వచ్చినట్టే. "పెద్దమ్మా, నీ గిలాస గాడెందుకు పెట్టినవ్?" అని షెకినా అడిగింది. నా నోట్లో పురుగులున్నాయని మీ అమ్మ చెప్పింది, నా ఎంగిలి ముట్టుకోకు అన్నాను. అది నా నోరు తెరిపించి, సెల్ లైటు వేసి వెతికింది. కనబడలేదంది. అవి చదువుకున్నవాళ్ళకే కనబడతాయి అన్నాను.

ఇప్పుడు దానికి చేత్తో తినిపించడం లేదు. వేడి చూడకుండా ముద్ద ఎలా పెట్టను? చల్లారేదాకా నేను ఆగగలను, దాని ఆకలి ఆగదు. అందుకని ఎవరి నోరూ తగలనివి, సీలు తీయనివి తెచ్చి పెట్టాను. క్రీము బిస్కెట్ల ప్యాకెట్లు, చిన్న చిన్న మామిడి జ్యూసు డబ్బాలు. ఆకలన్నప్పుడల్లా ఒకటి చేతికిస్తే దానంతట అదే చించుకు తింటోంది. నేను నిశ్చింతగా మిషన్ తొక్కుకుంటున్నాను. ఈ నెలంతా బడి యూనిఫారాలు, తల ఎత్తే తీరిక లేదు.

మినరల్స్ అందాలని రాశావు కదా. బోరు నీళ్ళు బంద్ చేసి మినరల్ నీళ్ళ క్యాను పెట్టించాను. మొగులప్ప క్యాను మోసుకొచ్చినప్పుడల్లా "ఏం రిబ్కక్కా, నవాబుల లెక్క బతుకుతున్నవ్" అని నవ్వుతాడు.

ఇంత చేసినా పళ్ళ మీద మచ్చ పెరిగింది. దాచను. పై ముందుపళ్ళు రెండూ చిగురు దగ్గర గోధుమరంగుకు తిరిగాయి. ఇంకా నాలో ఏముందో రాయి, అది కూడా తీసి గూట్లో పెడతాను. పిల్ల ముద్దు పెట్టడానికి వస్తే మొహం పక్కకు తిప్పుతున్నాను. మొదట్లో ఆట అనుకునేది, ఇప్పుడు అడగడం మానేసింది.

నీ మాట దాటని
రిబ్కా


దావణగెరె
25 ఆగస్టు 2024

అక్కా,

మినరల్ క్యాను దగ్గర పకపకా నవ్వాను. మచ్చ పెరిగిందన్న దగ్గరికి వచ్చేసరికి తల పట్టుకున్నాను. మినరల్స్ అంటే ఉమ్మిలో ఉండేవి అక్కా. ఆ క్యాను నీళ్ళకు పేరు మాత్రమే అది. వడపోసేటప్పుడు నీళ్ళలో ఉన్న ఖనిజాలు కూడా చాలావరకు పోతాయి. మామూలు నీళ్ళు కాచి చల్లార్చి ఇస్తే చాలు.

ఆ బిస్కెట్లు ఈ ఉత్తరం అందిన క్షణం ఆపేయి. తీపి తిన్న ప్రతిసారీ నోరు పులుస్తుంది. ఉమ్మి ఆ పులుపును మెల్లగా విరిచి, కరిగిన ఖనిజాలను తిరిగి పన్నుకు అద్దుతుంది. ఆ పనికి దానికి వ్యవధి కావాలి. ఘడియకొక బిస్కెట్ పెడితే వ్యవధి ఎక్కడిది? ఒకరు గోడకు సున్నం వేస్తుంటే వెనకాలే ఇంకొకరు గీకుతూ వచ్చినట్టు ఉంటుంది. నువ్వు కూర్చోబెట్టి పెట్టే పప్పన్నమే దానికి మంచిది. నేను అన్నం మానమన్నానా? ఎక్కడ రాశాను?

నువ్వు తెలియక చేసినవి కొన్ని, కావాలని చేసినవి కొన్ని. గూట్లో గ్లాసు నాకోసం పెట్టావు. నేను ఇక్కడున్నాను, దాన్ని రోజూ చూసేది షెకినా. ఆ పురుగుల మాట దానితో ఎందుకన్నావు? నాకు చెప్పాల్సిన ఎత్తిపొడుపు పిల్ల చెవిలో ఎందుకు పోశావు?

ఇంత చదివి, సొంత అక్కకు ఒక్క సంగతి అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నాను. రాసిన ప్రతి వాక్యం నీ దగ్గరికి వచ్చేసరికి ఇంకొకటవుతోంది. విసుగొచ్చింది అక్కా, నీ మీదా నా మీదా. దసరా సెలవుల్లో వచ్చి పిల్లను తెచ్చుకుంటాను. కాలేజీ పక్కన క్రెష్ ఉంది. నథానియేల్ కూడా సరేనన్నాడు.

ఫెబా


మంగల్‌పేట, బీదర్
22 సెప్టెంబర్ 2024

ఫెబా,

"తెచ్చుకుంటాను" అని రాశావు, ఎవరింట్లోనో మరిచిపోయిన గొడుగు గురించి రాసినట్టు. దానికి జవాబుగా నాలుగు పేజీలు రాసి పెట్టుకున్నాను. నిన్న జరిగింది చూశాక వాటిని చింపేశాను.

నిన్న దుబల్‌గుండి పోయాం. మన మేనత్త హనుమవ్వకు ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. నాయనతోపాటు బీదర్ రాకుండా, మతం మారకుండా, ఆ ఊళ్ళోనే కూలి చేసుకుంటూ ముసలిదైన మనిషి. నువ్వు ఆమెను చూసి ఎన్నేళ్ళయిందో నీకే తెలియాలి. మేము పోయేసరికి వాకిట్లో కూర్చుని ఉంది. షెకినా కోసం చెరుకుగడ దాచి ఉంచింది. పిల్లకు గట్టిగా ఉంటుందని, మిగిలిన నాలుగు పళ్ళతో తనే తోలు చీల్చి, మెత్తటి ముక్క కొరికి చేతికి ఇవ్వబోయింది.

షెకినా చేతులు వెనక్కి పెట్టుకుంది. "నీ ఎంగిలి నాకొద్దు. నీ నోట్లె పురుగులుంటయి" అంది. తెలుగు చాలలేదేమో, అంగన్‌వాడీలో నేర్చిన కన్నడంలో "ఎంజలు, ఛీ" అని కూడా అంది. వాకిట్లో ఉన్న అందరికీ అర్థమైంది.

హనుమవ్వ కోప్పడి ఉంటే బాగుండేది. ఆమె కూర్చున్నచోటి నుంచి ఇంత దూరం వెనక్కి జరిగింది. కొంగు పిల్లకు తగలకుండా దగ్గరికి లాక్కుంది. "అవు బిడ్డా, నిజమే" అంది. ఆ జరగడం నేను ఎరుగుదును ఫెబా. బతుకంతా పెద్దల వాకిళ్ళలో ఆమె అలాగే జరిగింది. నిన్న మన ఇంటి పిల్ల ముందు కూడా జరిగింది.

నేను షెకినాను చెంప మీద కొట్టాను. ఎప్పుడూ కొట్టలేదు. అది నిలబడి నన్నే చూస్తూ "నువ్వే చెప్పినవ్ గద పెద్దమ్మా" అంది.

అవును, నేనే చెప్పాను. మాట నీ నోట్లోంచి ఒక్కసారి వచ్చింది, నేను నీ మీద కసితో రోజూ దానికి నీళ్ళు పోశాను. పిల్ల మనిద్దరి దగ్గరా మంచి పాఠమే నేర్చుకుంది. దసరాకు వచ్చి తీసుకుపో. ఈసారి దెప్పడం లేదు. అది లేకపోతే ఈ ఇంట్లో నాకు ఏమీ తోచదని తెలుసు, అయినా అంటున్నాను. దాని ముందు నోరు తెరవాలంటేనే భయంగా ఉంది.

రిబ్కా


దావణగెరె
17 నవంబర్ 2024

అక్కా,

ఫోన్లో అంతా బాగుందని చెప్తూ వచ్చాను. పక్కన షెకినా ఉంటుంది కాబట్టి అలా చెప్పాను. నీలాగే నాకూ కాగితం కావలసి వచ్చింది.

ముందుపళ్ళు రెండింటికీ పూత వేయించాను. సొంత పిల్ల నోరనేసరికి నేను తటపటాయిస్తుంటే మా గైడ్ మేడమ్ నన్ను పక్కకు జరిపి తనే వేసింది. పళ్ళ సంగతి నయం. తిండి సంగతే బాగాలేదు. క్రెష్‌లో ఇది అన్నం ముట్టడం లేదు. అక్కడి ఆయా రాచమ్మ ముద్ద కలిపి పెట్టబోతే "ఎంజలు" అని మూతి బిగించిందట. రాచమ్మ గిన్నె కింద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ పెట్టిందట. అప్పుడూ తినలేదు. కడుక్కుని వచ్చిన సంగతి రాచమ్మే నాకు చెప్పింది, తప్పు తనదే అయినట్టు.

నా చేత్తో పెట్టినా అంతే. నిన్న రాత్రి అన్నం మీద ఊదితే "అమ్మా, నువ్వు ఊదినవ్, ఎంగిలైంది" అని కంచం తోసేసింది. సీలున్న ప్యాకెట్ అయితేనే తింటానంటుంది. అది నేను ఇవ్వను. ఇవ్వకపోతే పస్తుంటుంది. వేసుకొచ్చిన గౌన్లు వదులైపోయాయి. ఇది నా కూతురు, దీని నోరు నా చదువు, దీనికి ఒక్క ముద్ద పెట్టలేకపోతున్నాను.

మేడమ్‌కు అంతా చెప్పుకున్నాను. బాగా చీవాట్లు పెట్టింది. ఆ పళ్ళు తినే బాక్టీరియా ఎక్కువగా పళ్ళు వచ్చే వయసులో, ఎవరు దగ్గరుండి పెంచుతారో వాళ్ళ నుంచి చేరుతుంది. ఆ వయసులో షెకినా నా దగ్గరే ఉంది. కాబట్టి నా నోటి నుంచే చేరి ఉంటుంది. నాకు బహుశా నీ నుంచి వచ్చింది. ఇప్పుడు నీ చెంచా ఒక్కటి ఆపినంత మాత్రాన పెద్దగా ఒరిగేది లేదు, తీపి ఎన్నిసార్లు తింటుందన్నదే అసలు లెక్క. ఇవన్నీ నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవే. ఉమ్మిలో పన్నును కాపాడేవి ఎన్నున్నాయో రోజూ కొలుస్తూ కూర్చున్నదాన్ని, ఇంటికి మాత్రం పురుగుల కబురే పంపాను.

నువ్వు రా అక్కా. దానికి ఎలా తినిపించాలో నీకే తెలుసు.

ఫెబా


మంగల్‌పేట, బీదర్
27 నవంబర్ 2024

ఫెబా,

నీ నోట్లో ఉన్నవి నా నోటి నుంచి వచ్చాయని కనుక్కోవడానికి నీకు ఇంత చదువూ, పైన ఒక మేడమూ కావలసి వచ్చింది. నన్నడిగితే ఉచితంగా చెప్పేదాన్ని. అది చదివి నేను మెత్తబడతానని అనుకున్నావేమో, మెత్తబడలేదు. పిల్ల పస్తుంటోందన్నది చదివాక మాత్రం సూదిలో దారం ఎక్కించలేకపోయాను.

రమ్మన్నావు. వచ్చి ఏం చేయాలి? ఆ మాట రోజూ నేర్పిన నోరు ఇది, ఇది పెడితే తింటుందా? కూర్చోబెట్టి నీతులు చెప్తే అందులోంచి ఇంకో ముక్క ఏరుకుని ఇంకొకరిని అంటుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మన ఇద్దరి నోళ్ళ సంగతీ తేలిపోయింది కాబట్టి, ఇక మాటలతో అయ్యేది కాదు.

హనుమవ్వ దగ్గరికి మళ్ళీ పోయాను. తప్పయిందని చెప్తే, చిన్నపిల్ల మాటకేముందిలే అంది. కానీ చాయ్ ఇచ్చేటప్పుడు గ్లాసు నా చేతికి ఇవ్వలేదు, నా ముందు కింద పెట్టింది. నేను దాన్ని అలాగే ఉంచి, ఆమె సగం తాగిన గ్లాసు ఆమె చేతిలోంచి తీసుకుని తాగాను. తర్వాత "చక్కెర సరిపోయిందా బిడ్డా?" అని అడిగింది. వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని బస్సు దాకా నడిచింది.

ఒక షరతు మీద దావణగెరె వస్తాను. షెకినాకు నా ఎంగిలి పెట్టను. దాని చెంచా దానికే ఉంచుతాను, బిస్కెట్ కొనను, పూటకూ పూటకూ మధ్య నీ ఉమ్మికి కావలసిన వ్యవధి ఇస్తాను. నీ పాఠం నేను ఒప్పుకున్నాను. ఇప్పుడు నాది నువ్వు ఒప్పుకోవాలి. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంటాను. రాచమ్మను కూడా పిలువు. జొన్నరొట్టె ఒక ముక్క నేను కొరికి, మిగిలింది నీ నోట్లో పెడతాను. నువ్వు నవ్వకుండా, మొహం తిప్పకుండా, పుక్కిలించడానికి లేవకుండా తినాలి. అది షెకినా కళ్ళారా చూడాలి.

తింటావో తినవో అది ఒక్కటి రాయి. ఇంకొక్క అక్షరం పాఠం కనబడినా నేను బస్సెక్కను.

రిబ్కా


దావణగెరె
4 డిసెంబర్ 2024

అక్కా,

తింటాను.

ఫెబా